బీమా ధర వాహనాన్ని బట్టి, భారం డ్రైవరును బట్టి: మోటారు పాలసీలో 'నష్టభయం' లెక్క ఇదీ

శ్రీ విజయపురం: మద్యం తాగి వాహనం నడిపి రెండుసార్లు శిక్షకు గురైన వ్యక్తి ఒకరు. ఇరవై ఏళ్లుగా ఒక్క చలానా కూడా లేని వ్యక్తి మరొకరు. ఇద్దరికీ ఒకే రకం కారు ఉంటే, చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమాకు ఇద్దరూ చెల్లించే ప్రీమియం ఒక్కటే. కోటి దాటిన జనంతో కిక్కిరిసే హైదరాబాద్‌లోనైనా, అండమాన్ రాజధాని శివార్లలోని మిన్నీ బే వంపు రోడ్లపైనైనా ఆ మొత్తంలో రూపాయి తేడా ఉండదు.

అధిక నష్టభయం ఉన్న డ్రైవరును ముందుగానే గుర్తించి, అతని నుంచి ఎక్కువ ప్రీమియం వసూలు చేసే పద్ధతి అనేక దేశాల్లో దశాబ్దాలుగా ఉంది. భారత మోటారు బీమా మాత్రం ప్రధానంగా వాహనాన్ని చూసే ధర నిర్ణయిస్తుంది. డ్రైవరు ప్రవర్తన లెక్కలోకి వచ్చేది ప్రమాదం జరిగిన తరువాతే. లైసెన్సు ఉందా, మద్యం తాగి ఉన్నాడా, సొంత కారును అద్దెకు తిప్పుతున్నాడా అన్న ప్రశ్నలు అప్పుడు వరుసగా ఎదురవుతాయి. సమాధానం తప్పితే వేల రూపాయల ప్రీమియం తేడాతో పోయేది, లక్షల రూపాయల బాధ్యతగా వాహన యజమాని మెడకు చుట్టుకుంటుంది.

ఒకే పత్రం, రెండు ఒప్పందాలు

వాహనదారులు 'ఫుల్ ఇన్సూరెన్స్' అని పిలిచే సమగ్ర పాలసీలో నిజానికి రెండు వేర్వేరు భాగాలు ఉంటాయి. మొదటిది థర్డ్ పార్టీ బాధ్యత. వాహనం వల్ల ఇతరులు మరణించినా, గాయపడినా, వారి ఆస్తికి నష్టం వాటిల్లినా పరిహారం చెల్లించే భాగమిది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 146వ సెక్షన్ ప్రకారం ఇది లేకుండా బహిరంగ ప్రదేశంలో వాహనం నడపరాదు. నడిపితే 196వ సెక్షన్ కింద తొలిసారి రూ.2,000 జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు లేదా రెండూ విధించవచ్చు. మళ్లీ పట్టుబడితే జరిమానా రూ.4,000.

ఈ భాగానికి ధరను బీమా కంపెనీలు కాక కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన పట్టిక ప్రకారం 1,000 సీసీ లోపు ప్రైవేటు కారుకు ఏడాదికి రూ.2,094, 1,000 నుంచి 1,500 సీసీ వరకు రూ.3,416, ఆపైన రూ.7,897. ద్విచక్ర వాహనాల్లో 75 సీసీ లోపు రూ.538, 150 సీసీ వరకు రూ.714, 350 సీసీ వరకు రూ.1,366, ఆపైన రూ.2,804. వీటికి జీఎస్టీ అదనం. విద్యుత్ వాహనాలకు 15 శాతం రాయితీ ఉంది. పట్టికలో కనిపించేవి ఇంజిను సామర్థ్యం, వాహన తరగతి మాత్రమే. డ్రైవరు వయసు, అనుభవం, గత నేరాలకు అందులో చోటు లేదు.

మధ్యతరగతి కుటుంబం కొనే 1,200 సీసీ కారుకు ఈ మొత్తం రోజుకు పది రూపాయల లోపే పడుతుంది. అందుకు ప్రతిగా మరణం, గాయాల విషయంలో ట్రిబ్యునల్ ఎంత పరిహారం నిర్ణయిస్తే అంత బాధ్యతను కంపెనీ స్వీకరిస్తుంది; గరిష్ఠ పరిమితి లేదు. ఇతరుల ఆస్తి నష్టానికి మాత్రం కార్లకు రూ.7.5 లక్షల పరిమితి ఉంది.

రెండో భాగం సొంత నష్టం. అంటే యజమాని కారుకే జరిగే నష్టం, దొంగతనం, అగ్నిప్రమాదం, వరద, భూకంపం వంటివి. ఇది ఐచ్ఛికం. దీని ధరలపై నియంత్రణను 2007 జనవరి 1న ఎత్తివేశారు. కంపెనీకీ కంపెనీకీ కనిపించే తేడాలన్నీ ఈ భాగంలోనివే. డ్రైవరును బట్టి ధర మార్చే అవకాశం సూత్రప్రాయంగా ఉన్నదీ ఇక్కడే.

నగరానికి ఒక రేటు, ద్వీపానికి ఒక రేటు

పెద్ద నగరంలో ప్రమాదాలు ఎక్కువ కాబట్టి బీమా కూడా ఎక్కువ అన్న అభిప్రాయంలో కొంత నిజం ఉంది. నియంత్రణ కాలం నాటి 2002 మోటారు టారిఫ్ దేశాన్ని ప్రైవేటు కార్ల విషయంలో రెండు మండలాలుగా విభజించింది. అహ్మదాబాద్, బెంగళూరు, చెన్నై, హైదరాబాద్, కోల్‌కతా, ముంబయి, న్యూఢిల్లీ, పుణె 'ఎ' మండలంలో ఉన్నాయి. మిగిలిన దేశమంతా 'బి' మండలం. విశాఖపట్నం, విజయవాడ, వరంగల్‌తో పాటు అండమాన్ నికోబార్ దీవులు కూడా 'బి'లోనే ఉన్నాయి. ధరలు స్వేచ్ఛగా మారిన తరువాత కూడా ఈ విభజన బీమా రంగంలో ప్రాథమిక ఆధారంగా కొనసాగుతోంది. దానిపై కంపెనీలు తమ రాయితీలు ఇస్తుంటాయి.

ఆ టారిఫ్‌లో ఐదేళ్లలోపు వయసున్న 1,000–1,500 సీసీ కారుకు 'ఎ' మండలంలో వాహన విలువపై 3.283 శాతం, 'బి' మండలంలో 3.191 శాతం రేటు ఉంది. రూ.8 లక్షల విలువైన కారుకు రాయితీలకు ముందు ఇది వరుసగా రూ.26,264, రూ.25,528. మహానగరానికీ మారుమూల ద్వీపానికీ మధ్య తేడా రూ.736 మాత్రమే.

ఈ మండలాన్ని నిర్ణయించేది కారు తిరిగే చోటు కాదు, రిజిస్ట్రేషన్ జరిగిన కార్యాలయం. హైదరాబాద్‌లో రిజిస్టరైన కారును యజమాని బదిలీపై మిన్నీ బేకు తెచ్చుకుంటే, రిజిస్ట్రేషన్ మారేవరకు అది 'ఎ' మండలం కారే. అండమాన్ నంబరుతో హైదరాబాద్ వీధుల్లో తిరిగే కారు 'బి' మండలం కారే. (ఒక వాహనాన్ని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి రిజిస్ట్రేషన్ తీసుకోవాలని మోటారు వాహనాల చట్టంలోని 47వ సెక్షన్ చెబుతోంది.) అంటే డ్రైవరు ఎవరన్నదే కాదు, అతను రోజూ ఏ రోడ్డుపై నడుపుతున్నాడన్నది కూడా ఈ లెక్కకు పూర్తిగా అందదు.

బోనసు ఎవరికి పోతుంది?

గత చరిత్రను పట్టించుకునే ఒకే ఒక్క సాధారణ ఏర్పాటు నో క్లెయిమ్ బోనస్. సొంత నష్టం కింద ఒక ఏడాది క్లెయిమ్ చేయకపోతే మరుసటి ఏడాది ఆ భాగం ప్రీమియంలో 20 శాతం తగ్గుతుంది. వరుసగా రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50 శాతం. ఒక్క క్లెయిమ్ చేస్తే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పాలసీ గడువు ముగిసి 90 రోజులు దాటినా బోనసు పోతుంది. ఈ బోనసు వాహనానిది కాదు, యజమానిది. పాత కారు అమ్మి కొత్తది కొన్నప్పుడు వెంట తీసుకుపోవచ్చు.

దీని ప్రభావం చాలామంది ఊహించేదానికన్నా ఎక్కువ. సొంత నష్టం ప్రీమియం రూ.12,000 అనుకుందాం. 50 శాతం బోనసు ఉన్న యజమాని రూ.6,000 కడతాడు. బంపరు దెబ్బతిని రూ.5,000 క్లెయిమ్ తీసుకుంటే, మరుసటి ఏడాది రూ.12,000, ఆపై వరుసగా రూ.9,600, రూ.9,000, రూ.7,800, రూ.6,600 కట్టాలి. వాహన విలువలో ఏటా వచ్చే తగ్గుదలను పక్కన పెడితే, తిరిగి పాత స్థాయికి చేరేలోపు అదనంగా చెల్లించేది రూ.15,000. చిన్న మరమ్మతులను చేతి డబ్బుతో చేయించుకోవడమే లాభమని అనుభవజ్ఞులు చెప్పడానికి కారణమిదే.

అయితే ఈ బోనసు కొలిచేది జాగ్రత్తను కాదు, క్లెయిమును. ఆగి ఉన్న కారును మరెవరో గుద్ది పారిపోతే, ఆ మరమ్మతుకు క్లెయిమ్ చేసిన నిర్దోషి బోనసు కోల్పోతాడు. మరోవైపు, పాదచారిని ఢీకొట్టిన వ్యక్తి తన కారు మరమ్మతుకు క్లెయిమ్ చేయకపోతే బోనసు నిలుపుకుంటాడు. ఎందుకంటే బోనసు సొంత నష్టం భాగానికి మాత్రమే సంబంధించినది. అతివేగం, సిగ్నల్ ఉల్లంఘన, మద్యం సేవనానికి పడిన శిక్షలు ఈ లెక్కలో కనిపించవు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ నివేదిక తెలిపింది. వాటిలో దాదాపు 71 శాతం మరణాలు అతివేగం పద్దులో నమోదయ్యాయి. ఇంతటి ప్రధాన కారణానికీ బీమా ధరకూ మధ్య నేరుగా సంబంధం లేదు.

ప్రమాదం తరువాత తెరుచుకునే ప్రశ్నావళి

ప్రీమియం కట్టే రోజున అడగని ప్రశ్నలన్నీ ప్రమాదం జరిగిన రోజున అడుగుతారు. వాటిలో మూడు ముఖ్యమైనవి.

మొదటిది లైసెన్సు. ప్రమాద సమయంలో వాహనం నడిపిన వ్యక్తికి ఆ తరగతి వాహనానికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. లెర్నర్ లైసెన్సు ఉన్నవారు నిబంధనల ప్రకారం లైసెన్సున్న వ్యక్తి పక్కన ఉండగా, 'ఎల్' గుర్తుతో నడిపితేనే రక్షణ వర్తిస్తుంది. టాక్సీలు, చిన్న సరకు వాహనాలు నడిపేవారికి ఈ విషయంలో 2024 నవంబరు 6న పెద్ద ఊరట లభించింది. తేలికపాటి మోటారు వాహన లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు బరువున్న రవాణా వాహనాన్ని ప్రత్యేక ఆమోద ముద్ర లేకుండానే నడపవచ్చని సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ రోజు తీర్పు చెప్పింది. ఆ కారణంతో క్లెయిములు నిరాకరించే వాదనకు దానితో తెరపడింది. మైనరుకు బండి ఇచ్చిన సందర్భంలో మాత్రం చట్టం మరింత కఠినం. 199-ఎ సెక్షన్ కింద సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానాతో పాటు వాహన రిజిస్ట్రేషన్‌ను 12 నెలలు రద్దు చేసే వీలుంది.

రెండోది మద్యం. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే 185వ సెక్షన్ కింద నేరం. తొలిసారి ఆరు నెలల వరకు జైలు లేదా రూ.10,000 జరిమానా లేదా రెండూ. రెండోసారి రెండేళ్ల వరకు జైలు, రూ.15,000 జరిమానా. పరీక్ష జరగలేదు కాబట్టి కంపెనీ నిరూపించలేదన్న ధీమా కూడా చెల్లదు. 2007 డిసెంబరులో ఢిల్లీలోని ఇండియా గేట్ వద్ద ఒక పోర్షే కారు అదుపు తప్పి దగ్ధమైంది. శ్వాస పరీక్ష గానీ రక్త పరీక్ష గానీ లేకపోయినా, ప్రమాదం జరిగిన తీరు, వైద్య నివేదికలో నమోదైన మద్యం వాసన వంటి పరిస్థితులను బట్టి డ్రైవరు మత్తు ప్రభావంలో ఉన్నట్లు భావించవచ్చని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. కారు నష్టానికి క్లెయిమ్ నిరాకరించిన కంపెనీ వాదనే నెగ్గింది.

మూడోది వినియోగం. తెల్ల నంబరు పలకతో ఉన్న ప్రైవేటు కారుకు తీసుకున్న పాలసీ, దాన్ని అద్దెకు లేదా ప్రతిఫలానికి తిప్పడాన్ని మినహాయిస్తుంది. పర్యాటకులు నిత్యం వచ్చిపోయే శ్రీ విజయపురంలో ఈ షరతు ప్రాధాన్యం ఎక్కువ. సొంతంగా నడుపుకొనేందుకు అద్దెకిచ్చే వాహనాలకు ప్రత్యేక అనుమతులు, నల్ల పలకపై పసుపు అక్షరాల నంబరు ఉంటాయి. వాటి బీమా తరగతి కూడా వేరు. ఇంటి ముందున్న స్కూటరును లేదా కారును నాలుగు రోజులకు ఎవరికైనా డబ్బు తీసుకుని ఇచ్చే యజమాని, తన పాలసీలోని సొంత నష్టం రక్షణను తానే వదులుకున్నట్లవుతుంది.

బాధితుడికి పరిహారం, యజమానికి అప్పు

ఈ షరతులు ఉల్లంఘించినప్పుడు రెండు భాగాల ఫలితం వేర్వేరుగా ఉంటుంది. సొంత నష్టం క్లెయిమ్ నేరుగా తిరస్కరణకు గురవుతుంది. థర్డ్ పార్టీ విషయంలో మాత్రం డ్రైవరు తప్పుకు బాధితుడి కుటుంబాన్ని శిక్షించరాదన్న ఆలోచన ముందుకు వస్తుంది. నేషనల్ ఇన్సూరెన్స్ కంపెనీ – స్వరణ్ సింగ్ కేసులో 2004 జనవరిలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఇందుకు ఆధారం. లైసెన్సు లేదని చూపితే చాలదు, యజమాని నిర్లక్ష్యాన్ని కూడా కంపెనీయే నిరూపించాలని ఆ తీర్పు చెప్పింది. నిరూపించినా, ముందు బాధితుడికి పరిహారం చెల్లించి తరువాత యజమాని నుంచి రాబట్టుకోవాలని ట్రిబ్యునల్ ఆదేశించవచ్చు. న్యాయవాద వృత్తిలో దీన్నే 'చెల్లించు – రాబట్టు' సూత్రం అంటారు. 2019 సవరణలతో మారిన చట్టంలో కంపెనీ లేవనెత్తగల అభ్యంతరాల జాబితా 150వ సెక్షన్‌లో ఉంది. లైసెన్సు లేమి, అద్దె వినియోగంతో పాటు మద్యం లేదా మాదకద్రవ్యాల ప్రభావంలో నడపడం కూడా ఇప్పుడు అందులో చేరింది.

ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. తన కారును స్నేహితుడికి ఇచ్చిన యజమానికి, ఆ స్నేహితుడి లైసెన్సు రద్దయిందన్న సంగతి తెలుసు అనుకుందాం. కారు ఢీకొని ఒక కూలీ మరణించాడు. ట్రిబ్యునల్ రూ.18 లక్షల పరిహారం నిర్ణయించింది. కంపెనీ ఆ మొత్తాన్ని కుటుంబానికి చెల్లించి, అదే ఉత్తర్వు ఆధారంగా యజమాని ఆస్తులపై వసూలుకు దిగుతుంది. ఏటా రూ.3,416 కట్టిన పాలసీ బాధితుడిని కాపాడింది, యజమానిని కాపాడలేదు. నిర్లక్ష్యపు డ్రైవింగుకు భారతదేశంలో 'అధిక ప్రీమియం' ఇదే. వాయిదాల్లో కాక ఒక్కసారిగా వచ్చి పడుతుంది.

తన నిర్లక్ష్యం వల్ల తానే మరణించిన డ్రైవరు కుటుంబం పరిస్థితి మరింత క్లిష్టం. కర్ణాటకకు చెందిన ఒక కేసులో, అతివేగంతో తన తప్పు వల్లే ప్రాణం కోల్పోయిన వ్యక్తి వారసులు థర్డ్ పార్టీ పరిహారానికి అర్హులు కారన్న హైకోర్టు తీర్పులో జోక్యానికి సుప్రీంకోర్టు 2025 జులైలో నిరాకరించింది. అటువంటి కుటుంబానికి మిగిలేది యజమాని – డ్రైవరు వ్యక్తిగత ప్రమాద బీమా. దీని కనీస మొత్తం రూ.15 లక్షలు. అయితే చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలన్న షరతు దీనికీ ఉంటుంది.

సముద్రం దాటే కారు

ద్వీపవాసులు ప్రత్యేకంగా గమనించవలసిన షరతు మరొకటి ఉంది. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్రతో వీరి రాకపోకలు తరతరాలవి. నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ ధన్వంతరి ఉన్న మిన్నీ బే వంటి ప్రాంతాలకు బదిలీపై వచ్చే ఉద్యోగులూ ఉంటారు. విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతా రేవుల నుంచి వాహనాలను ఓడలో తెచ్చుకునేవారు, తమ సమగ్ర పాలసీయే ప్రయాణమంతటికీ సరిపోతుందని భావించే అవకాశం ఉంది.

ప్రామాణిక పాలసీ రవాణాలో జరిగే నష్టాన్ని రోడ్డు, రైలు, అంతర్గత జలమార్గం, లిఫ్టు, ఎలివేటరు, విమానం అని పేరుపేరునా పేర్కొంటుంది. సముద్ర ప్రయాణం ఆ జాబితాలో లేదు. అందువల్ల బంగాళాఖాతం దాటే వాహనానికి విడిగా సముద్ర రవాణా బీమా తీసుకోవాలి. చాతం – బాంబూ ఫ్లాట్ మధ్య రేవును దాటించే వాహనాల ఫెర్రీ వంటి చిన్న ప్రయాణాలను తన పాలసీ ఏ కోవలో చూస్తుందో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవడం మేలు.

విదేశాల్లో లెక్క వేరు

ఫ్రాన్సులో 'బోనస్ – మాలస్' విధానం అమలులో ఉంది. తప్పు లేని ప్రతి ఏడాదికి డ్రైవరు గుణకం 5 శాతం తగ్గుతుంది; తన తప్పుతో జరిగిన ప్రతి ప్రమాదానికి 25 శాతం పెరుగుతుంది. కనిష్ఠం 0.50, గరిష్ఠం 3.50. అంటే మంచి డ్రైవరు సగం ధర కడితే, పదేపదే ప్రమాదాలు చేసేవారు మూడున్నర రెట్లు కట్టవలసి రావచ్చు. భారత విధానంలో బోనసు ఉంది, మాలస్ లేదు.

అమెరికాలో కాలిఫోర్నియా ఓటర్లు 1988లో ఆమోదించిన 103వ ప్రతిపాదన ప్రకారం, ప్రీమియం నిర్ణయంలో డ్రైవింగ్ రికార్డు, ఏడాదిలో నడిపే దూరం, అనుభవం ఈ వరుసలోనే ప్రధానాంశాలు కావాలి. పలు రాష్ట్రాల్లో మద్యం సేవించి నడిపినందుకు దోషిగా తేలినవారు లైసెన్సు తిరిగి పొందాలంటే 'ఎస్‌ఆర్-22' అనే ధ్రువపత్రాన్ని బీమా కంపెనీ ద్వారా దాఖలు చేయించాలి. అది విడి పాలసీ కాదు; కనీస బీమా ఉందని ప్రభుత్వానికి కంపెనీ ఇచ్చే హామీ. ఏ కంపెనీ ముందుకు రానివారికి రాష్ట్రాల పర్యవేక్షణలో కంపెనీలన్నీ వంతులవారీగా పంచుకునే పథకాలు ఉన్నాయి. అక్కడికి కొత్తగా చేరే తెలుగు విద్యార్థులు తమ తప్పేమీ లేకపోయినా ఎక్కువ ప్రీమియం ఎదుర్కొనేది ఇందువల్లే. ఆ దేశంలో వారికి డ్రైవింగ్ చరిత్ర లేకపోవడాన్నే కంపెనీలు నష్టభయంగా పరిగణిస్తాయి.

భారతదేశంలో ఇటువంటి ఉమ్మడి ఏర్పాటు డ్రైవర్ల కోసం రాలేదు, వాహనాల కోసం వచ్చింది. కంపెనీలు తీసుకోవడానికి వెనుకాడే వాణిజ్య వాహనాల థర్డ్ పార్టీ బీమాను పంచుకునేందుకు 2012 ఏప్రిల్ 1 నుంచి ఒక ప్రత్యేక నిధి నడిచింది. 2016 మార్చితో దాన్ని ముగించారు.

చలానాను ప్రీమియంతో కలిపితే?

డ్రైవరును లెక్కలోకి తేవాలన్న ఆలోచన ఇక్కడా జరిగింది. హైదరాబాద్ ప్రధాన కేంద్రంగా పనిచేసే భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ఐఆర్‌డీఏఐ నియమించిన కార్యాచరణ బృందం 2021 జనవరిలో ఒక నివేదికను ప్రజల ముందుంచింది. పాలసీలో 'ట్రాఫిక్ ఉల్లంఘన ప్రీమియం' అనే కొత్త భాగాన్ని చేర్చాలని అది సూచించింది. మద్యం తాగి నడిపితే 100 పాయింట్లు, తప్పు చోట నిలిపితే 10 పాయింట్లు. మొత్తం పాయింట్లను బట్టి ద్విచక్ర వాహనాలకు రూ.100 నుంచి రూ.750, నాలుగు చక్రాల వాహనాలకు రూ.300 నుంచి రూ.1,500 వరకు అదనపు ప్రీమియం. ముందుగా ఢిల్లీలో ప్రయోగాత్మకంగా అమలు చేయాలన్నది ప్రతిపాదన. దేశవ్యాప్తంగా అది ఆచరణ రూపం దాల్చలేదు.

అందులోని చిక్కు ప్రతిపాదనలోనే ఉంది. ఆ అదనపు భారం పడేది రిజిస్టరైన యజమానిపై. జీతానికి డ్రైవరును పెట్టుకున్న ఇంట్లో, ఒకే కారును ముగ్గురు నడిపే కుటుంబంలో, కెమెరా తీసిన చలానా నంబరు పలకకు చేరుతుంది కానీ డ్రైవరుకు చేరదు. తప్పుడు చలానాలు, అమ్మిన తరువాత కూడా పాత యజమాని పేరుతోనే ఉన్న వాహనాల సమస్య దీనికి తోడవుతుంది.

మరో అభ్యంతరం మరింత లోతైనది. ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో గణాంకాలను ప్రస్తావిస్తూ, దేశంలోని వాహనాల్లో సగానికి పైగా బీమా లేకుండా ఉన్నాయని పార్లమెంటు ఆర్థిక స్థాయీ సంఘం 2024లో ఆందోళన వ్యక్తం చేసింది. నష్టభయం ఎక్కువని ధర పెంచితే, ఆ డ్రైవరు జాగ్రత్తపడవచ్చు, బీమా మానేయనూవచ్చు. మానేస్తే నష్టపోయేది అతని వాహనం కింద పడే పాదచారి. థర్డ్ పార్టీ ధరను ప్రభుత్వం అందరికీ ఒకే విధంగా ఉంచడం వెనుక ఉన్న సమర్థన ఇదే. జాగ్రత్తగా నడిపేవారు నిర్లక్ష్యంగా నడిపేవారి ఖర్చును మోయడం ఆ విధానానికి చెల్లిస్తున్న మూల్యం.

మధ్యేమార్గంగా 2022 జులైలో ఐఆర్‌డీఏఐ సొంత నష్టం భాగానికి సాంకేతికత ఆధారిత అనుబంధ రక్షణలను అనుమతించింది. నడిపిన దూరాన్ని బట్టి చెల్లించడం ఒకటి, నడిపే తీరును బట్టి చెల్లించడం మరొకటి. రెండో దానిలో వేగం, హఠాత్తుగా బ్రేకు వేయడం వంటి వివరాలను పరికరం లేదా ఫోన్ యాప్ నమోదు చేస్తుంది. ఇది ఐచ్ఛికం కాబట్టి జాగ్రత్తపరులే ముందుగా ఎంచుకుంటారు. నిర్లక్ష్యపరులు పాత పద్ధతిలోనే మిగిలిపోతారు. తక్కువ దూరాలే ఉండే ద్వీప జీవితంలో దూరాన్ని బట్టి చెల్లించే పద్ధతి ఆకర్షణీయంగా కనిపిస్తుంది. ఎంచుకున్న కిలోమీటర్ల పరిమితి దాటితే ఏమవుతుందో షరతుల్లో చూసుకోవాలి.

వాహనదారులు గమనించవలసినవి

పునరుద్ధరణకు ముందు వాహనదారు చూసుకోవలసింది ధర ఒక్కటే కాదు. వాహనాన్ని వాస్తవంగా ఎవరు నడుపుతున్నారు, వారి లైసెన్సు ఏ తరగతికి, ఏ తేదీ వరకు చెల్లుతుంది, వాహనం ఏ పనికి వాడుతున్నారు అన్న మూడు అంశాలు పాలసీ పత్రంలోని 'డ్రైవరు నిబంధన', 'వినియోగ పరిమితులు' అన్న భాగాలతో సరిపోవాలి. పాత కంపెనీలో క్లెయిమ్ చేసి, కొత్త కంపెనీకి బోనసు ఉందని చెప్పడం కూడా ప్రమాదకరమే. వివరాలు సరిచూసినప్పుడు అబద్ధం బయటపడితే సొంత నష్టం రక్షణ కోల్పోయే స్థితి వస్తుంది.

క్లెయిమ్ తిరస్కరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా కోరాలి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, అక్కడ న్యాయం జరగకపోతే బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. రూ.50 లక్షల వరకు వివాదాలను అంబుడ్స్‌మన్ రుసుము లేకుండా విచారిస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసులకు హైదరాబాద్ కార్యాలయం, అండమాన్ నికోబార్ వాసులకు కోల్‌కతా కార్యాలయం వర్తిస్తాయి. ప్రమాద పరిహారంపై దీవుల్లోని ట్రిబ్యునల్ ఇచ్చే తీర్పులపై అప్పీళ్లు కలకత్తా హైకోర్టు పరిధిలోకి వస్తాయి. ఆ హైకోర్టుకు శ్రీ విజయపురంలో సర్క్యూట్ బెంచి ఉంది.

తక్కువ ప్రీమియం కట్టినంత మాత్రాన డ్రైవరు నష్టభయం తక్కువని కంపెనీ అంగీకరించినట్లు కాదు. ఆ విషయాన్ని అది ప్రమాదం జరిగేవరకు అడగలేదు, అంతే. తాళంచెవి మరొకరి చేతిలో పెట్టే ముందు ఆ ప్రశ్న వేసుకోవలసింది యజమానే.